కన్నియప్పన్ పెట్టిన సంతకం

మద్రాసు హైకోర్టులో జడ్జిగారు తన గదిలోంచి కోర్టు హాలుకు వెళ్ళేటప్పుడు ఆయన ముందు ఒక మనిషి నడుస్తాడు. తెల్ల తలపాగా, ఎర్ర అంగీ, భుజం మీదుగా ఇత్తడి బిళ్ళ ఉన్న డవాలీ పట్టీ, చేతిలో వెండి పొన్ను కర్ర. వరండాలో గుంపుగా నిలబడి మాట్లాడుకునే వకీళ్ళు, కక్షిదార్లు ఆ మనిషి కనబడగానే నోళ్ళు మూసి గోడకు ఒదుగుతారు. ఎవరైనా చూసుకోకపోతే ఆ మనిషి "ఉష్" అంటాడు. ఆ కొలువుకు డఫేదారు అని పేరు. కన్నియప్పన్ ఇరవయ్యారేళ్ళు ఆ కొలువు చేశాడు. ముందు ఇంగ్లీషు దొరల ముందు నడిచాడు, తరవాత మనవాళ్ళ ముందు నడిచాడు. ఆ ఇరవయ్యారేళ్ళలో కోర్టు లోపల అతను పలికిన మాటలన్నీ పోగేసినా ఒక పూట కబుర్లకు చాలవు.

కాపురం చాకలిపేటలో, ఒకటే గది ఉన్న వాటాలో. పేరు అరవపేరైనా ఇంట్లో మాట తెలుగే. భార్య పొన్నమ్మ. వాళ్ళకు పిల్లలు కలగలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడు సుబ్బన్‌కు నాలుగేళ్ళు. పొన్నమ్మే వాడికి నీళ్ళు పోసింది, అన్నం పెట్టింది, బడికి పంపింది. వాడు పెద్దవాడై పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. చేరిన రెండేళ్ళకు యూనియన్‌లోనూ చేరాడు. రాత్రి అన్నం దగ్గర కూచుని కూలీల మాటా, ముదలాళులనే యజమానుల మాటా తప్ప మరో మాట ఎత్తేవాడు కాదు.

ఒకనాడు అన్నదమ్ములకు మాటామాటా పెరిగింది. "నీదీ ఒక కొలువా అన్నా? జనం నోరు మూయించడానికి కర్ర పట్టుకోని నడుస్తా ఉండావు," అన్నాడు సుబ్బన్. కన్నియప్పన్ లేచి చెంప మీద కొట్టాడు. ముప్ఫై ఏళ్ళవాణ్ణి. సుబ్బన్ చొక్కా తగిలించుకుని పెరంబూరు వెళ్ళిపోయాడు. మరుసటేడు పొన్నమ్మ జ్వరంతో పోయింది. సుబ్బన్ వచ్చాడు, పాడె మోశాడు, కాటి నుంచి అటే వెళ్ళిపోయాడు. ఇంటి గడప తొక్కలేదు.

అప్పటి నుంచి ఆ గదిలో కన్నియప్పన్ ఒక్కడే. ఒక్కడికి బియ్యం ఎన్ని పొయ్యాలో తెలియడానికి అతనికి చాలా రోజులు పట్టింది. మొదట్లో ఇద్దరు ముగ్గురికి సరిపడా వండి, మిగిలింది పక్క వాటాలో ఉండే మునెమ్మకు ఇచ్చేవాడు. కోర్టులో మాట్లాడకూడదు, ఇంట్లో మాట్లాడడానికి మనిషి లేడు. ఆదివారం పొద్దున లేచి సాయంత్రం దాకా నోరు తెరవకుండా గడిపి, దీపం పెట్టేవేళ ఊరకే దగ్గి చూసుకునేవాడు, గొంతు ఉందా పోయిందా అని.

1950లో, తమిళుల ఆడి నెలలో, అంటే జూలైలో, మునెమ్మ పెరంబూరులో ఉన్న కూతురింటికి వెళ్ళి పరుగున తిరిగొచ్చింది.

"అన్నా, సుబ్బన్‌ను పోలీసులు పట్టకపోయినారంట. నాలుగు దినాలయిందంట. వేలూరు జైల్లో ఉండాడంటా ఉండారు."

"ఏం కేసు?"

"కేసేం లేదంటన్నా. ఊరికే పెట్టినారంట."

ఇరవయ్యారేళ్ళు కోర్టులో నిలబడినవాడికి ఆ మాట ఎక్కలేదు. కేసు లేకుండా జైలెట్లా? మరునాడు సెలవు చీటీ రాయించుకుని కోటకు వెళ్ళాడు. సర్కారు కచేరీలన్నీ ఉండేది అక్కడే. ఒక గుమాస్తా ఫైలు తిరగేసి, మెల్లగానే చెప్పాడు. "ఇది కేసు కాదయ్యా. నేరం చేశాడని కాదు, చేస్తాడేమోనని ముందుగా లోపల పెట్టడం. మమ్మల్నంటే ఏం లాభం? చట్టం ఢిల్లీది."

వేలూరు వెళ్ళాడు. జైలు గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టాక వార్డరు వచ్చి, "మీ తమ్ముడు రానంటున్నాడు. అన్న కొలువుకు మాటొస్తుంది, ఈడికి రావద్దని చెప్పమన్నాడు," అన్నాడు. అది కోపమో, ప్రేమో కన్నియప్పన్‌కు తెలియలేదు. తిరుగు రైల్లో మద్రాసు దాకా అదే ఆలోచించాడు. ఒకసారి కోపమే అనిపించేది, ఇంకోసారి కాదనిపించేది.

కోర్టులో అతనితో నాలుగు మాటలాడే మనిషి ఒకడున్నాడు. కామేశం అని, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన గుమాస్తా. మధ్యాహ్నం మెట్ల కింద కూచుని అన్నం తినేటప్పుడు పక్కన కాస్త చోటిచ్చేవాడు. కన్నియప్పన్ ఆ రోజు తనంతట తానే అడిగాడు.

"సామీ, మా వాణ్ణి జైల్లో పెట్టింది ఎవరు? పోలీసుల్నడిగితే కోట అంటారు. కోటలో అడిగితే ఢిల్లీ అంటారు. నేనెవర్ని అడగాల?"

కామేశం పెరుగన్నం కలుపుతూ చెప్పాడు. "ముగ్గురూ నిజమే చెప్పారు కన్నియప్పా. చట్టం చేసింది ఢిల్లీలో పార్లమెంటు. ఆ చట్టం కింద సంతకం పెట్టింది ఇక్కడి సర్కారు. ఆ సంతకం సరిగ్గా పడిందా లేదా అని అడగగలిగింది మన కోర్టు. జనవరిలో రాజ్యాంగం వచ్చింది చూశావూ, అందులో ఎవరి హద్దు వాళ్ళకు గీసిపెట్టారు."

"హద్దులు భూములకు గదా ఉండేది."

"అధికారానికీ పెట్టారయ్యా. చట్టం చేసేవాడూ, పట్టుకునేవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒక్కడే అయితే ఇంక మనిషికి దిక్కేదీ?"

కన్నియప్పన్ డబ్బాకు మూత పెట్టాడు. ఇన్నేళ్ళూ తను ఒక పెద్దమనిషి ముందు నడుస్తున్నాననుకున్నాడు. సర్కారును నిలబెట్టి అడగగలిగినవాడి ముందు నడుస్తున్నానని ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం ఇత్తడి బిళ్ళను చింతపండు పెట్టి తోమాడు.

యూనియన్ తరఫున సుందర్‌రాజ్ అనే పడుచు వకీలు సుబ్బన్‌ను విడిపించమని రిట్ పిటిషన్ వేశాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం మర్నాటి కేసుల జాబితా గోడకు అంటించారు. రోజూ చూసినట్టే చూశాడు కన్నియప్పన్. అతనికి ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రం, కానీ పేర్లు పట్టుకోగలడు. తన దొరగారు ఇంకొక జడ్జితో కలిసి కూచునే బెంచి కింద, మూడో వరసలో, తమ్ముడి పేరుంది.

చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చెబితే కేసు ఇంకో బెంచికి పోయి నెలలు పట్టవచ్చు. కానీ తీర్పయ్యాక ఎవడో ఒకడు "జడ్జిగారి డఫేదారు తమ్ముడంట" అంటే ఆ తీర్పుకు విలువేముంటుంది? పొద్దున గదిలో జడ్జిగారికి నల్లగౌను తొడుగుతూ, ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి, అడగకుండా నోరు తెరిచాడు.

"దొరా, మూడో కేసులో ఉండేవాడు నా తమ్ముడు."

జడ్జిగారి చెయ్యి గౌను చేతిలో సగం దాకా వెళ్ళి ఆగింది. ఆయన తమిళుడు, మితభాషి. తమిళంలోనే అడిగాడు, ఎప్పటి నుంచి తెలుసని. నిన్న సాయంకాలం నుంచి అని చెప్పాడు కన్నియప్పన్. ఆయన గౌను పూర్తిగా తొడుక్కుని, "రెండు పక్షాల వకీళ్ళకూ హాల్లోనే చెబుతాను. వాళ్ళకు అభ్యంతరం లేకపోతే వింటాను. ఇది తేలేదాకా నువ్వు నా గదికీ, నా హాలుకూ రాకూడదు," అన్నాడు.

అభ్యంతరం లేదన్నారు ఇద్దరూ. కన్నియప్పన్‌ను పడమటి వరండా చివర ఒక బెంచీ మీద కూచోబెట్టారు. అక్కడ పదకొండు రోజులు కూచున్నాడు. తోటి డఫేదార్లు చూపు తప్పించుకుని పోయేవాళ్ళు. కేసు సంగతులు మోస్తున్నారన్న మాట పడుతుందని వాళ్ళ భయం. కామేశం కూడా మెట్ల కింద చోటు మార్చుకున్నాడు. కన్నియప్పన్ ఎవరినీ తప్పు పట్టలేదు. వాళ్ళ చోట ఉంటే తనూ అంతే చేసేవాడు. డబ్బాలో తెచ్చుకున్న అన్నం బెంచీ మీదే ఒక్కడే తిని, దూరంగా ఓడల కూతలు వింటూ కూచునేవాడు. తన దొరగారి ముందు ఎవడో కొత్తవాడు నడుస్తున్నాడు. వాడి అడుగు మరీ తొందర.

పన్నెండో నాడు మధ్యాహ్నం హాలు తలుపులు తెరుచుకున్నాయి. సుందర్‌రాజ్ బయటికొచ్చి గట్టిగా అన్నాడు: "విడుదల! ఎందుకు పట్టుకున్నారో సరిగ్గా చెప్పలేదని ఆర్డరు కొట్టేశారు!"

తీర్పుకని వేలూరు నుంచి తెచ్చిన సుబ్బన్ ఆ వెనకే వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. వరండా ఈ చివర నుంచి ఆ చివరికి అన్నదమ్ములు ఒకర్నొకరు చూసుకున్నారు. కేసు తేలింది కాబట్టి ఇంక వెళ్ళవచ్చునని కన్నియప్పన్ లేచాడు. ఈలోగా యూనియన్ వాళ్ళు సుబ్బన్‌ను చుట్టుకుని మెట్లు దింపి తీసుకుపోయారు. కన్నియప్పన్ వెనకే నడిచాడు. పరిగెత్తడం ఆ వరండాల్లో అతనికి అలవాటు లేదు.

గేటు దాటి రోడ్డు మీద కాలు పెట్టగానే ఇద్దరు మనుషులు సుబ్బన్‌కు అడ్డం వచ్చారు. మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు. చేతిలో కొత్త కాగితం. ఈసారి కారణాలన్నీ తేదీలతో సహా రాసి ఉన్నాయి. అదే చట్టం, కొత్త ఆర్డరు.

కన్నియప్పన్ గేటు దగ్గరికి చేరేసరికి తమ్ముణ్ణి జీపు ఎక్కిస్తున్నారు. సుబ్బన్ వెనక్కి తిరిగాడు. కోపంగా లేడు. నవ్వాడు కూడా.

"చూసినావా అన్నా? నీ కోర్టు ఈ గేటు దాకానే."

"మళ్ళా రాసినారు గదరా. మళ్ళా ఈడికే వస్తాం," అన్నాడు కన్నియప్పన్.

ఆ మాట జీపు వెనక సగమే వినబడి ఉంటుంది.

మళ్ళా రావడం అంత సులువు కాలేదు. ఆ శీతాకాలంలో యూనియన్‌లో ఉన్నవాళ్ళు కొందరు జైల్లో, కొందరు అజ్ఞాతంలో ఉన్నారు. సుందర్‌రాజ్ చాకలిపేట వెతుక్కుంటూ వచ్చాడు. రెండో పిటిషన్ తయారుగా ఉంది, దానికి అఫిడవిట్ కావాలి, లోపల ఉన్నవాడి తరఫున సంతకం పెట్టే సొంతవాళ్ళు కావాలి.

"మీకు ఇబ్బందైతే వద్దండీ," అన్నాడు ఆ పడుచువాడు, గదిలో ఉన్న ఒకే స్టూలు మీద కూచుని. "కోర్టులో కొలువు చేస్తూ సర్కారు మీద పిటిషన్ వెయ్యకూడదని చట్టంలో లేదు. కానీ మీ జడ్జిగారు మిమ్మల్ని ఉంచుకోలేరు."

"తెలుసు సార్."

"ఆలోచించి చెప్పండి."

కన్నియప్పన్ లేచి గూట్లోంచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడ పెట్టాల?" అని అడిగి, తెలుగులో, కూడబలుక్కుంటూ, తన పేరు రాశాడు.

మర్నాడు తనే దొరగారి గదికి వెళ్ళి చెప్పి, డవాలీ విప్పి బల్ల మీద పెట్టాడు. కర్ర మూలన ఆనించాడు. జడ్జిగారు కూర్చోమన్నాడు. ఆ గదిలో కన్నియప్పన్ ఎన్నడూ కూచోలేదు. అప్పుడూ కూచోలేదు.

"నువ్వు చేసింది తప్పు కాదు," అన్నాడు జడ్జిగారు. "కానీ నా ముందు నడిచే మనిషి పిటిషన్ నడపకూడదు. అర్థమైందా?"

"అయింది దొరా. అందుకే గదా తెచ్చి ఇస్తా ఉండా."

 కన్నియప్పన్‌ను కింది అంతస్తులో పాత రికార్డుల గదికి వేశారు.

రెండో పిటిషన్ ఇంకో బెంచి ముందుకు వచ్చింది. ఈసారి కన్నియప్పన్ లోపలికి వెళ్ళవచ్చు, అతను కక్షిదారు. పంచె, చొక్కా వేసుకుని జనంలో నిలబడ్డాడు. డఫేదారు "ఉష్" అన్నప్పుడు అందరితో పాటు ఒదిగాడు. వాదనలు ఇంగ్లీషులో సాగాయి. మాటలు సగమే తెలిసినా ఎటు పోతున్నదో అతనికి తెలుస్తూనే ఉంది. జడ్జీలు ఎప్పుడు ముందుకు వంగుతారో, ఎప్పుడు వెనక్కి వాలతారో అతను చూసినన్నిసార్లు ఎవరూ చూడలేదు. పెద్ద జడ్జి కళ్ళజోడు తీసి కాగితం మీద పెట్టగానే, తీర్పు చదవకముందే, కన్నియప్పన్ తల వంచుకున్నాడు.

కొట్టేశారు. బయటికి వచ్చాక సుందర్‌రాజ్ వివరించాడు. ఈసారి కారణాలు స్పష్టంగా ఉన్నాయి. అవి నిజమా, అబద్ధమా, చాలుతాయా, చాలవా అని తూచడం కోర్టు పని కాదన్నారు. అది సర్కారు మనసుకు తోచవలసిన సంగతి అని చట్టమే చెబుతోంది, అక్కడ మేం చెయ్యి పెడితే మా హద్దు మేం దాటినట్టని జడ్జీలు రాశారు.

"వాళ్ళు చెప్పింది తప్పా సార్?" అని అడిగాడు కన్నియప్పన్.

సుందర్‌రాజ్ కాగితాల కట్టకు దారం చుట్టాడు. "చట్టం ప్రకారం తప్పు కాదండీ," అన్నాడు.

"అట్లయితే ఇంక ఎవర్ని అడగాల?"

"చట్టం చేసినవాళ్ళను. ఢిల్లీలో అడుగుతున్నారు లెండి, చాలామంది అడుగుతున్నారు."

ఆ రోజు కన్నియప్పన్ ట్రాము ఎక్కకుండా నడిచి ఇంటికి పోయాడు. మునెమ్మ వాకిట్లో ముగ్గుపిండి దంచుతూ ఏమైందని అడిగింది. "ఏం కాలేదమ్మా," అని తలుపేసుకున్నాడు. అన్నం వండుకోలేదు. డవాలీ ఇచ్చేసినందుకు అతనికి బాధ లేదనుకున్నాడు. కానీ ఆ రాత్రి మేకుకు తగిలించే చోట గోడ మీద దాని నీడంత మరక కనిపించేసరికి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

ఇది జరిగిన కొన్నాళ్ళకే, 1951 మొదట్లో, ఢిల్లీలో చట్టాన్ని మార్చారు. అట్లా లోపల ఉన్న ప్రతివాడి కాగితాలూ ఇకమీదట ఒక బోర్డు ముందు పెట్టాలి. ఆ బోర్డులో జడ్జీలు గానీ, జడ్జీలు కాదగినవాళ్ళు గానీ ఉంటారు. కారణం చాలదని వాళ్ళంటే సర్కారు వదిలిపెట్టి తీరాలి. సుబ్బన్ కాగితాలు ఆ వేసవిలో బోర్డుకు వెళ్ళాయి. చాలదన్నారు. కోటలో సంతకమైంది. ఏ కోటలో తమ్ముణ్ణి పట్టమని రాశారో అక్కడే వదలమనీ రాశారు.

సుబ్బన్ చాకలిపేటకే వచ్చాడు. నాలుగు రోజులున్నాడు. అన్న వండింది తిన్నాడు, చాప మీద పడుకుని మధ్యాహ్నాలు నిద్రపోయాడు. కన్నియప్పన్ ఎన్నో మాటలు దాచిపెట్టుకుని ఉన్నాడు గానీ ఏది ముందు తియ్యాలో తెలియలేదు. మూడో రోజు సుబ్బనే ఎత్తాడు.

"నీ డవాలీ పోయిందంట గదా."

"ఊఁ."

"నేనడిగినానా నిన్ను?"

"నువ్వడగలా."

"మరెందుకు పెట్టినావు సంతకం?"

కన్నియప్పన్ రసం వంచుతూ చెప్పాడు. "సొంతవాళ్ళది కావాలన్నారు."

సుబ్బన్ ఆకు కాస్త ముందుకు జరుపుకున్నాడు. తరవాత మెల్లగా తినడం మొదలుపెట్టాడు. ఆ విషయం వాళ్ళ మధ్య మళ్ళీ ఎన్నడూ రాలేదు.

వర్క్‌షాపులో పాత పని దొరకలేదు. సుబ్బన్ తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో చేరి, అక్కడే ఆరోగ్యమేరి అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అన్నను రమ్మని కార్డు రాశాడు గానీ అది పెళ్ళైన మర్నాడు చేరింది.

కన్నియప్పన్ మిగిలిన కొలువంతా రికార్డుల గదిలో చేశాడు. ఎర్రదారం కట్టిన కట్టలు, వాటి మీద దుమ్ము. చెదలు పట్టకుండా కట్టలను ఎండకు వెయ్యడం అతని పని. అక్కడ ఎవరినీ ఊరుకోమని చెప్పనక్కర్లేదు, మాట్లాడేవాళ్ళుంటే గదా. కొన్నిసార్లు అతనే కట్టల మీద పేర్లు పైకి చదివేవాడు, మనిషి పేరు పలికినట్టుంటుందని.

ఆంధ్రా విడిపోయాక గుంటూరులో హైకోర్టు పెట్టారు. 1954లో కామేశం అక్కడికి మార్పించుకున్నాడు. వెళ్ళేముందు కిందికి దిగి వచ్చి, "నువ్వూ రావయ్యా కన్నియప్పా, మన తెలుగు కోర్టు. అడిగితే వేస్తారు," అన్నాడు.

"ఆడ నాకెవరుండారు సామీ?" అన్నాడు కన్నియప్పన్. కొంచెం ఆగి, "ఈడా ఎవరూ లేరనుకో. అయినా ఈడైతే బస్సు నంబర్లు తెలుసు," అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. కామేశం వెళ్ళిపోయాక మెట్ల కింద చోటు ఖాళీ అయింది.

మరుసటేడు పెన్షన్ వచ్చింది. అప్పుడప్పుడూ ఆదివారాలు రైలెక్కి తిరువొత్తియూరు వెళ్ళేవాడు. ఒక ఆదివారం వెళ్ళేసరికి సుబ్బన్ ఇంట్లో లేడు, యూనియన్ మీటింగుకు పోయాడు. ఆరోగ్యమేరి చేపల పులుసుతో అన్నం పెట్టింది. విసనకర్రతో విసురుతూ పక్కన కూచుంది.

"సాయంత్రానికి వచ్చేస్తారు బావా. ఉండిపోండి ఈ పూట. ఎప్పుడూ మీరేదో రైలు తప్పిపోతుందన్నట్టే పోతారు."

"ఇంకోసారి వస్తాలేమ్మా. వాడికి పని ఉంటుంది."

"పని ఎప్పుడు లేదు? మీ గురించి చెబుతా ఉంటారు."

"ఏం చెబుతాడు?"

ఆమె విసనకర్ర ఇంకో చేతికి మార్చుకుంది. "మా అన్నకు పిడివాదం, అంటారు."

కన్నియప్పన్ చెయ్యి కడుక్కుని, వాకిట్లో ఇంకొంచెంసేపు కూచున్నాడు. సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి వస్తోంది. వీధి చివరి దాకా రెండుసార్లు చూశాడు. నాలుగున్నర రైలుకు టైమైందని లేచాడు. ఆమె కట్టిచ్చిన ఎండుచేపల పొట్లం చంకన పెట్టుకుని స్టేషన్‌కు నడిచి, ప్లాట్‌ఫారం మీద ఆ చివర, నీడ ఉన్న బెంచీ చూసుకుని, ఒక్కడే కూచున్నాడు.